నా మంకీ క్యాపు, బుద్రి మఫ్లరు

నేను చర్మవ్యాధుల డాక్టర్ని. జుట్టు కూడా మా శాఖ కిందికే వస్తుంది. అయితే నాకు ముప్ఫై రెండో ఏడు నిండేసరికే నెత్తి మీద జుట్టు ఖాళీ చేసి వెళ్లిపోయింది. చెవుల మీద చెరో గుప్పెడు గుర్తుగా మిగిలింది. అరకు ఏజెన్సీలో నా సర్వీసులో సగం ఈ నెత్తిని దాచుకోవడానికే సరిపోయింది. మిగిలిన టైములో వైద్యం చేశాను.

ఈ మధ్య చర్మవ్యాధుల పీజీ ముగించి ఏజెన్సీకి వస్తున్న పిల్లలు నన్ను సలహా అడుగుతున్నారు. జ్ఞానం పంచేంత సరుకు నా దగ్గర లేదు. తప్పులైతే కావలసినన్ని ఉన్నాయి. అయ్యవారు ఏం చేస్తున్నారంటే చేసిన తప్పులు దిద్దుకుంటున్నారు అంటారు కదా, దిద్దుకోవడానికి వీలు లేని ఒక తప్పు గురించే ఇదంతా రాస్తున్నాను. ముందు నా టోపీ సంగతి చెప్పాలి, అది లేకపోతే ఆ తప్పు అర్థం కాదు.

టోపీ ఎందుకు పెట్టానంటే

కొండ మీద చేరిన మొదటి వారం. సంత వీధిలో కిరాణా కొట్టు నడిపే సాలూరు ఆసామి ఒకడు జుట్టు ఊడిపోతోందని వచ్చాడు. మందు రాసిచ్చాను. చీటీ మడతపెట్టి జేబులో పెట్టుకోబోతూ ఆగి, నా నెత్తి కేసి ఎగాదిగా చూశాడు.

"బాగా పన్జేస్తాదా బాబూ ఈ మందు?"

"చేస్తుంది."

"మరి నువ్వేటి వాడలేదు?"

సమాధానం ఉంది. బట్టతల మందు ఊడబోతున్న జుట్టుని కాపాడుతుంది గానీ ఎప్పుడో పోయినదాన్ని పిలుచుకు రాలేదు. కానీ ఆ సమాధానం నోట్లోకి వచ్చేసరికి ఆసామి బజార్లో ఉన్నాడు. ఆ సాయంత్రమే అతని కొట్లోనే ఒక ఊదారంగు మంకీ క్యాపు కొన్నాను. అరకు చలికి ఎవడూ అనుమానించడు. మే నెలలో అడిగినవాళ్లకి సైనస్ అన్నాను. మా ఆవిడ మాత్రం "పడుకునేటప్పుడైనా తియ్యండి, దొంగ పడ్డాడనుకుని గుండె ఆగిపోతోంది" అనేది.

నా నెత్తి ఇలా అవడానికి కారణం ఏ మగాడికైనా ఉండే హార్మోనే. పదమూడు పద్నాలుగేళ్లకి అది ఒంట్లో జోరందుకుంటుంది. ముఖం మీద చమురు గ్రంథుల్ని లేపుతుంది, మొటిమలు వస్తాయి. గడ్డం మొలిపిస్తుంది. అదే హార్మోను, అదే మనిషికి, నెత్తి మీది వెంట్రుక కుదుళ్లని మాత్రం ఏటికేడు చిక్కిపోయేలా చేస్తుంది. అందరికీ కాదు, పుట్టుకతో ఆ రాత ఉన్నవాళ్లకి. కొండ మీద వాళ్లకి నేను ఇలా చెప్పేవాణ్ని: సిల్వర్ ఓక్ నీడ కాఫీకి మేలు, అదే నీడ పడితే వలిసె నూనెగింజల చేను పూయదు. నా గడ్డం కాఫీ, నా నెత్తి వలిసె. చెప్పి నవ్వేవాణ్ని, టోపీ మాత్రం తీసేవాణ్ని కాదు.

ఆడవాళ్లలోనూ ఈ మగ హార్మోను కొంచెం ఉంటుంది. అండాశయాల నుంచి, మూత్రపిండాల మీద టోపీల్లా కూర్చున్న చిన్న గ్రంథుల నుంచి వస్తుంది. కొంచెంగా ఉన్నంతకాలం ఎవరికీ ఇబ్బంది లేదు. ఇది గుర్తు పెట్టుకోండి, అవసరమైన రోజున నేను గుర్తు పెట్టుకోలేదు.

కాంతం జడ

మా ఆస్పత్రిలో ఏఎన్ఎం కాంతం. విజయనగరం వైపు మనిషి. మోకాళ్ల దాకా జడ. బిడ్డ పుట్టిన మూడో నెలలో ఆ జడ దువ్వెనకి కుచ్చులు కుచ్చులుగా వచ్చేయడం మొదలుపెట్టింది.

"సార్, ఏటైపోతన్నాను నేను? మా ఆయనకి పెల్లినాడు నచ్చింది ఈ జడొక్కటే సార్!" అని ఏడ్చింది.

రక్తపరీక్ష చేయించాను, ఐరన్ మాత్రలు రాశాను, మా అత్తగారు కాచే గుంటగలగరాకు నూనె ఒక సీసా ఇచ్చాను. ఏడాది తిరిగేసరికి జడ మళ్లీ జడయింది. కాంతం ఊరుకోలేదు. "మా డాక్టరు బాబు నూనె" అని అనంతగిరి దాకా చాటింపు వేసింది. సంతరోజున ఆస్పత్రి ముందు ఖాళీ సీసాలతో వరస కట్టారు.

అసలు సంగతి ఏమిటంటే, కడుపుతో ఉన్నప్పుడు హార్మోన్ల పుణ్యమా అని రాలవలసిన జుట్టు రాలకుండా ఆగుతుంది. కాన్పయ్యాక ఆ హార్మోన్లు దిగిపోగానే ఆగినదంతా ఒక్కసారి రాలుతుంది. తర్వాత దానంతటదే వస్తుంది. నా నూనె చేసింది కాకి చేసిన పని, తాటిపండు ఎలాగూ రాలబోతోంది. ఈ మాట ఆ రోజే వరసలో నిలబడ్డ వాళ్లకి చెప్పాల్సింది. ఒక పెద్దాయన కోడిపుంజు తెచ్చాడు. పుంజు బాగుంది. చెప్పలేదు.

మా వృత్తిలో వచ్చే పేరులో సగం కాలానిది. కాలం సంతకం పెట్టదు కాబట్టి మనం పెట్టేస్తాం.

ట్యూబు ఊరేగింపు

పుంజు తిన్న పాపం ట్యూబు రూపంలో తగిలింది. ఒకావిడ కాలి మీద దురద మచ్చకి స్టెరాయిడ్ ట్యూబు రాశాను. పది రోజులు, కాలికి మాత్రమే అని చెప్పాను. మచ్చ పోయింది, ఆ చోట చర్మం కాస్త తెల్లబడింది. అంతే. నా చీటీ ఊళ్లో ఇంటింటికీ తిరిగింది. నాకు టోపీ అమ్మిన ఆసామి ఆ ట్యూబులు డబ్బాలకి డబ్బాలు దింపి, సబ్బుల పక్కన వరసగా పేర్చాడు.

ఆరు నెలల తర్వాత ఆ ఊరి ఆడపిల్లలు ఎర్రబడ్డ ముఖాలతో, చెంపల నిండా మొటిమలతో, సన్నటి నూగుతో వచ్చారు. స్టెరాయిడ్ కూడా హార్మోను జాతే. కాలికి రాసినంతకాలం మందు, ముఖానికి నెలల తరబడి రాస్తే ముఖం పాడు. నా చేతిరాత ఉన్న ఆ చీటీని నూనె మరకలతో మా కాంతమే తెచ్చి నా బల్ల మీద పెట్టింది.

ఆ సిగ్గుతో నేను మరో చివరికి పోయాను. ఆ రోజు నుంచి ముఖం బాగోలేదని ఎవరొచ్చినా నా నోటి నుంచి వచ్చే మొదటి మాట "ట్యూబు రాశావా?" దోమ కుట్టినా ట్యూబే, ఎండకి కమిలినా ట్యూబే. బోడిగుండుకీ మోకాలికీ ముడిపెట్టడం అంటారు చూడండి, బోడిగుండు సరుకు నా దగ్గర ఎటూ ఉంది.

మేడం గారి పేర్ల పట్టింపు

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో మా సూపరింటెండెంటు ఒక మేడం. సన్నగా, కోపంగా ఉండేది. ఆవిడకో పట్టింపు. చీటీ మీద పేరు పేషెంటు నోటి నుంచే రావాలి. వెంట వచ్చిన మొగుడు చెప్పినా, అత్త చెప్పినా, ఆధార్ కార్డు చూపించినా రాసేది కాదు. "నీ పేరు నువ్వు చెప్పమ్మా" అని కలం ఎత్తిపట్టుకుని కూర్చునేది. అది అయ్యాక మూడు ప్రశ్నలు: ఎప్పుడు మొదలైంది, ఎంత జోరుగా పెరిగింది, దీంతోపాటు ఇంకేం మారింది.

బయట నూట యాభై మంది ఉండేవాళ్లు. నేను క్యాంటీన్లో ఆవిడ గొంతు అనుకరించి, "నీ పేరు నువ్వు చెప్పు ఇడ్లీ" అని సాటి కుర్రడాక్టర్లని నవ్వించేవాణ్ని. ఒకరోజు ఆవిడ వెనకాలే నిలబడి ఉంది. "నవ్వు బాబూ. ఏదో ఒకరోజు పేరు అడగకుండా రాస్తావు. ఆ చీటీ నీకు గుర్తుంటుంది" అంది.

గుర్తుంది.

బుద్రి

ఇంకో ఏడాదిన్నరలో రిటైరవుతాననగా, కార్తీకంలో, సుక్రి అనే ఆవిడ తన అక్క కూతుర్ని తీసుకొచ్చింది. పిల్లకి పంతొమ్మిదేళ్లుంటాయి. మెడకీ గడ్డానికీ చెంపలకీ కలిపి చుట్టిన ఎర్ర మఫ్లరు. కొండ మీద మనుషులు అందర్నీ నువ్వనే అంటారు, కలెక్టరయినా సరే. నాకు అదే ఇష్టం.

"మొకం నిండా పొక్కులు బాబూ. గెడ్డం కాడ బొచ్చు కూడా వొత్తంది," అంది సుక్రి. "దిసారి కాడికి ఎల్తే, ఇది నా సేతిలో పని కాదు, బేగి ఆస్పత్రికి తీసుకెల్లిపొమ్మన్నాడు."

దిసారి అంటే వాళ్ల ఊళ్లో మంచీ చెడూ చూసే పెద్ద. అతను తన పని సరిగ్గా చేశాడు.

"పేరు?" అన్నాను కలం తీసి.

"బుద్రి. దానికి సిగ్గు, మాటాడదు."

రాసేశాను.

"ట్యూబు రాశావా?" అడిగాను. పిల్ల తల ఊపింది. ఒకే ఒక్కసారి, దసరాకి రాసిందని సుక్రి అంటూనే ఉంది, నేను వినలేదు. నాకు దొంగ దొరికేశాడు.

మఫ్లరు తియ్యమన్నాను. బుద్రి చెంపల దాకా దించింది. అక్కడ చెయ్యి ఆగిపోయింది. ఆ ఆగడం నాకు బాగా తెలుసు. "సార్, ఫోటోకి ఒకసారి టోపీ తియ్యండి" అని ఎవరైనా అన్నప్పుడు నా చెయ్యి సరిగ్గా అలాగే ఆగుతుంది. పాపం దాచుకుంటోంది, దాచుకోనీ అనుకున్నాను. "చాలు చాలు" అనేశాను. అది జాలి అనుకున్నాను గానీ జాలి కాదు. ఒక దాచుకునేవాడు ఇంకొకరితో చేసుకున్న లాలూచీ.

నెలసరి సంగతి అడగాలి. కాంతం ఆవేళ సెలవు. ముప్ఫై ఏళ్లుగా చర్మం చూస్తున్న డాక్టరుకి, మనవరాలి వయసు పిల్లని ఆ మాట అడగడానికి మొహమాటం వచ్చింది. బట్టతల ఉన్నవాళ్లకి మొహమాటం ఉండదని ఎవరన్నారు?

ఆ తర్వాత పది నిమిషాలు ట్యూబుల మీద ఉపన్యాసం ఇచ్చాను. మంచి ఉపన్యాసం. ట్యూబు మానేస్తే మూడు నెలల్లో ముఖం తేటపడుతుందని, మళ్లీ రానక్కర్లేదని చెప్పాను. ఆ పది నిమిషాలూ నేనే మాట్లాడాను.

గెడ

చైత్రంలో కొండ మీద ఇటుకల పండగ. మగాళ్లు వేటకి వెళ్తారు. ఆడవాళ్లు రోడ్డుకి అడ్డంగా వెదురు గెడ పట్టుకుని, వచ్చే బండినల్లా ఆపి, బండిలో ఉన్నవాళ్ల మీద అప్పటికప్పుడు పాట కట్టి పాడతారు. పండగ మామూలు ఇస్తేనే గెడ లేస్తుంది. అంతకు ముందేడు మా జీపుని ఆపినప్పుడు ఒక పిల్ల ఈలలాంటి సన్నటి గొంతుతో నా మీద కట్టిన పాట మా ఆస్పత్రిలో ఏడాది పొడుగునా తిరిగింది.

*కోతి టోపీ డాక్టరు బాబూ, నెత్తినేటి దాసినావు?*
*పిట్ట గూడు కట్టినాదా? గుడ్డు నాలుగెట్టినాదా?*

ఈ ఏడూ అదే మలుపులో గెడ పడింది. జీపులో నేను, కాంతం, డ్రైవరు. పాట మొదలైంది గానీ చప్పగా ఉంది. వరసలో సుక్రి కనబడింది. నేను కిటికీలోంచి తల బయటపెట్టి, "ఏం సుక్రీ, కిందటేడు నా టోపీ మీద పాట కట్టిన గుంట ఏదీ? రాలేదా?" అన్నాను.

సుక్రి నా వంక వింతగా చూసింది.

"అదుగో," అంది, వరస చివరకి చెయ్యి చూపించి. ఆ ఎండలో ఎర్ర మఫ్లరు చుట్టుకుని బుద్రి నిలబడి ఉంది. "దాని గొంతు ఎలిపోనాది బాబూ. మగోడి గొంతు వొచ్చీసింది. అందికే పాడదు, ఎవులితోనూ మాటాడదు. నీకు తెల్దేటి? నీ కాడికి తెచ్చినాం గదా."

చల్లటి నీళ్లు నెత్తిన పోసినట్టయింది, టోపీ ఉండగానే.

జీపు దిగాను. ఆ పిల్ల ముందుకెళ్లి నిలబడి, ముప్ఫై ఏళ్ల కింద నేను వెక్కిరించిన మాటే అన్నాను. "నీ పేరు నువ్వు చెప్పమ్మా."

మఫ్లరు గడ్డం కిందికి దించింది. తర్వాత, "బుద్రి" అంది.

బావిలోంచి వచ్చినట్టుంది ఆ గొంతు. ఆ ఒక్క మాటలో నేను అడగని మూడు ప్రశ్నలకీ జవాబు ఉంది. కాంతం ఆమెని చెట్ల చాటుకి తీసుకెళ్లి మాట్లాడి వచ్చింది. దసరా నుంచి నెలసరి లేదు. చేతుల మీద, పొట్ట మీద వెంట్రుకలు. కణతల దగ్గర జుట్టు వెనక్కి పోతోంది.

"మీకు పోయినట్టే సార్," అంది కాంతం మెల్లగా.

పిల్లలూ, ఇది రాసుకోండి. గడ్డం మీద నాలుగు వెంట్రుకలు, దవడ మీద మొటిమలు, నెలసరి అటూ ఇటూ అవడం, ఇవి ఏళ్ల తరబడి నెమ్మదిగా వస్తే చాలామందిలో చూసేదే, భయం లేకుండా వైద్యం చేయొచ్చు. అదే నెలల్లో ముంచుకొచ్చి, గొంతు బొంగురుగా దిగిపోయి, నెలసరి ఆగిపోతే, మగ హార్మోను తయారుచేసే గడ్డ ఏదో లోపల కూర్చుందేమోనని ఆ రోజే వెతకాలి. నేను ట్యూబులో వెతికాను.

"రేపు పొద్దున్నే విశాఖ తీసుకెళ్తాను," అన్నాను సుక్రితో.

"సచ్చిపోద్దేటి బాబూ?"

"తెలీదు," అన్నాను. ఆ పిల్ల విషయంలో నేను చెప్పిన మొదటి నిజం అదే.

విశాఖ పెద్దాసుపత్రిలో స్కాను తీస్తే ఎడమవైపు అండాశయంలో నిమ్మకాయంత గడ్డ కనబడింది. ఆపరేషను చేసి తీసేశారు. ఎక్కడికీ పాకలేదు. పరీక్ష రిపోర్టు వచ్చేదాకా నేను వార్డు వరండాలో తిరుగుతూ మూడు కిలోలు తగ్గాను, మా ఆవిడ ఎన్నేళ్లు చెప్పినా తగ్గనివి. ఆపరేషను చేసిన డాక్టరమ్మ నా కంటే ఇరవై ఐదేళ్లు చిన్నది. ముఖం తేటపడుతుంది, నెలసరి వస్తుంది, వెంట్రుకలు మెల్లగా పల్చబడతాయి అని చెప్పింది.

"గొంతో?" అన్నాను.

"గొంతు రాదు సార్. ఒకసారి దిగిన గొంతు మళ్లీ పైకి లేవదు. మీకు తెలుసు కదా."

తెలుసు. కార్తీకంలో ఆ పిల్ల నా ముందు కూర్చున్న రోజున ఆ ఈలగొంతు ఇంకా ఉందా, అప్పటికే పోయిందా? ఇప్పటికీ ఎవరైనా అడిగితే నేను చెప్పలేను. సుక్రిని అడగొచ్చు. అడిగే ధైర్యం లేదు. నేను చెప్పలేకపోవడానికి కారణం ఒక్కటే, ఆ రోజు నేను ఆమెని నోరు తెరవనివ్వలేదు.

ఈ సంగతంతా బుద్రికి నేనే స్వయంగా చెప్పాను. నా తప్పు కూడా చెప్పాను. ఆమె అటు తిరిగి పడుకుంది. ఏడ్చిందో లేదో తెలీదు. నేను మాత్రం వరండాలోకొచ్చి టోపీ ముఖం మీదికి లాక్కుని ఏడ్చాను. అందుకు పనికొచ్చింది అది.

ఆ తర్వాతి చైత్రం

నా రిటైర్మెంటుకి నెల ముందు మళ్లీ అదే మలుపులో గెడ పడింది. పాట అందుకున్న గొంతు విని డ్రైవరు, "ఈ ఏడు మగోల్లు కూడా సేరిపోనారేటి సార్?" అన్నాడు.

మగవాళ్లు కాదు. వరస నడుమ బుద్రి. మఫ్లరు లేదు. ముఖం నునుపుగా ఉంది. ఆ లావు గొంతుతోనే పాడుతోంది, మిగతా ఆడవాళ్లు పైన అందుకుంటున్నారు. కిందటేడు చప్పబడ్డ పాటకి ఇప్పుడు అడుగున బలం వచ్చింది. పాట నా టోపీ మీదే. పిట్ట గూడు ఇంకా ఖాళీ చెయ్యలేదా అని అడుగుతోంది.

పాట అయ్యాక జీపు దగ్గరకొచ్చి చెయ్యి చాపింది. నేను జేబులో చెయ్యి పెట్టాను. వద్దన్నట్టు తల ఊపింది.

"గొంతు తేలేకపోనావు గదా బాబూ," అంది అందరికీ వినబడేలా. "టోపీ అయినా ఇచ్చెయ్."

వరసంతా గొల్లుమంది. అందరికంటే లావుగా నవ్వింది తనే. కాంతం కిటికీ వైపు తిరిగిపోయింది. నా చెయ్యి అలవాటుగా సగం దాకా వెళ్లి ఆగింది. బుద్రి చూస్తూ నిలబడింది. ఆ ఆగడం ఏమిటో ఆమెకీ తెలుసు. చాపిన చెయ్యి మాత్రం దించలేదు.

తీసి ఇచ్చాను. ఎన్నో ఏళ్ల తర్వాత నలుగురిలో నా నెత్తికి ఎండ తగిలింది. బుద్రి ఆ టోపీని గెడ చివరకి తొడిగి, గెడ ఎత్తింది. మేం వెళ్లిపోయాం.